నటుఁడు, అదృష్టము

చలనచిత్రనటులు తమ జీవితకథలను జెప్పుకొనునపుడు తఱచుగా వాడు మాట యొకటి కలదు: ఇది నా యదృష్టము. సన్మానసభలలోను, ఆత్మకథలలోను, పత్రికలవారితో జరుపు ప్రసంగములలోను ఈ మాట వినవచ్చుచుండును. వినువారిలోఁ బెక్కండ్రు దీనిని మర్యాదకొఱకుఁ బలికిన పలుకుగాఁ దలఁచి విడిచిపెట్టుదురు. కొందఱు మఱియొక యడుగు ముందునకుఁ బోయి, శ్రమపడినది తానై యుండఁగాఁ బేరు మాత్రము దైవమున కిచ్చుట కపటవినయ మని యాక్షేపింతురు. ఇంకను గొందఱు, కీర్తియు ధనమును గలవాఁ డదృష్టమని గాక మఱేమనునని యెగతాళి చేయుదురు. ఈ మూఁడు తెగలవారును ఆ మాటను బరీక్షింపకయే తీర్పు చెప్పుచున్నారు.

ఈ వ్యాసమున నేను బ్రతిపాదింపఁబూనినది యిది. శబ్దార్థమును బట్టి చూచినను, తెలుఁగు రంగస్థల చలనచిత్రముల చరిత్రను బట్టి చూచినను, నటుఁడు తన్నుగూర్చి చెప్పుకొనఁగలిగిన నిజములలో నీ మాట మిక్కిలి నిక్కమైనది. అయితే మనము వాడుకలో దాని కిచ్చుచున్న యర్థము వేఱు. దానికిఁ దగిన యర్థము వేఱు. ముందుగా శబ్దమును, పిమ్మటఁ జరిత్రను విచారింతము.

అదృష్టశబ్దము దృశ్ ధాతువుపైఁ గర్మార్థమున క్తప్రత్యయము చేరఁగా, నఞ్సమాసమువలన నేర్పడినది. చూడఁబడనిది యని దాని యవయవార్థము. కనఁబడు కారణము చాలనిచోట వైశేషికులు దీనిని గారణముగాఁ జెప్పిరి. సూది యయస్కాంతమువైపు కదలుటకుఁ గూడ వారు చూపిన హేతు విదియే. నైయాయికులు ధర్మాధర్మములు రెంటిని గలిపి యీ పేరఁ బిలిచిరి. మీమాంసకులు యాగము ముగిసిన క్షణమునకును, ఫలము గలుగు కాలమునకును నడుమ నిలిచియుండు శక్తిని అపూర్వమనిరి; అదృష్టమనియు వ్యవహరించిరి. ఈ మతములలో నెందును అదృష్టమనఁగా నూరక వచ్చిపడిన మేలు గాదు. కారణము కలదు, అది కంటఁ బడుట లేదు, అంతియే.

అమరసింహుఁ డీ శబ్దమును మఱియొక చోటఁ జెప్పెను. క్షత్రియవర్గమున భయభేదములను గణించుచు, అగ్నిజలాదులవలనఁ గలుగునది యదృష్ట మనియు, స్వసైన్యపరసైన్యములవలనఁ గలుగునది దృష్ట మనియు నాతఁడు విభజించెను. కోశమునందు ఆపదకుఁ బేరైన మాట మన వాడుకలో మేలునకుఁ బేరైనది. కీడునకు దురదృష్టమని వేఱొక మాట కల్పించుకొంటిమి. ఈ యమరార్థముతో మనకు ముందు పని కలదు గనుక చదువరులు దీనిని జ్ఞాపకమునం దుంచుకొందురు గాక.

ఇఁక భాగ్యశబ్దము. దీనికి మూలము భజ్ ధాతువు. పంచఁగా వచ్చిన పాలు భాగము. భాగ్యము దానితోఁ బుట్టిన శబ్దము. నా భాగ్యమని యొకఁడు చెప్పినపుడు, నా పాలికి వచ్చిన దని యర్థము. పాలు గలదనఁగాఁ బంచుకొన్నవారు మఱికొందఱు గలరని చెప్పక చెప్పినట్లే. నటులు వాడు రెండు మాటలలో నొకటి కనఁబడని కారణమును, రెండవది యితరుల పాళ్లను దెలుపుచున్నవి.

ఇట్టి మాట నటుని నోట వచ్చుటకు విశేషమేమి? ఏ వృత్తిలో నున్నవాఁ డైనను నీ మాట చెప్పవచ్చును గదా? చెప్పవచ్చును. కాని నటుని వృత్తికి మన దేశమునఁ జిత్రమైన పూర్వచరిత్ర గలదు. పాణిని నటసూత్రములను బేర్కొనెను. చతుర్థాధ్యాయ తృతీయపాదమున శిలాలి, కృశాశ్వులు ప్రోక్తములుగాఁ జెప్పిన సూత్రములను జదివిన నటులకు శైలాలి యనియుఁ గృశాశ్వి యనియుఁ బేళ్లు సాధింపఁబడినవి. వేదశాఖల నధ్యయనము చేసినవారికి నామములు గల్పించు ప్రకరణముననే నటునికిఁ జోటు దొరకినది. అనఁగా నటనకు శాస్త్రమును, దానికిఁ బ్రవక్తలును, చదువు పరంపరయు నాఁడే కలవు.

అయినను నా పరంపరను విద్యగా నంగీకరించుటకు వైయాకరణులు వెనుదీసిరి. ప్రథమాధ్యాయ చతుర్థపాదమున, నియమపూర్వకముగా విద్య గ్రహించునపుడు బోధించువానికి నపాదానసంజ్ఞ విధింపఁబడినది. దానివలనఁ బంచమి వచ్చును. నియమపూర్వకముగా ననుటకుఁ బ్రత్యుదాహరణమేమని యడిగినచో, భాష్యకారుఁడు నటునిఁ జూపెను. ఉపాధ్యాయునినుండి చదువుట పంచమికి విషయము. నటునిది వినుట షష్ఠికి విషయము. నటుఁడు పాడఁగా విందుము, ఆనందింతుము; కాని యాతనినుండి నేర్చుకొంటి మని చెప్పము. బాల్యమున నీ సూత్రమును వల్లించినవార మందఱమును ఈ యుదాహరణమును దాఁటిపోయితిమి. ఒక్క విభక్తిభేదమున నొక వృత్తి గౌరవ మిమిడియున్న దని తోఁచుటకు గొంత కాలము పట్టును.

ధర్మశాస్త్రములలో నీ వైఖరియే మఱింత కఠినముగాఁ గనఁబడును. మనువు కుశీలవుని సాక్షిగాఁ గొనరాదనెను. ఆ పట్టికలోనే రాజును శ్రోత్రియుని గూడఁ జేర్చెను గనుక దీనిని నిందగాఁ గొనఁబనిలేదు. కాని శ్రాద్ధమునఁ బిలువఁదగనివారిని జెప్పుచోటఁ గూడ నాతఁడు కుశీలవునిఁ బేర్కొనెను, అది నిందయే. నాట్యశాస్త్రము కడపటి భాగమున, భరతపుత్రులు మునులను బరిహసించి శపింపఁబడి రనియు, నహుషుని ప్రార్థనచే నాట్యము భూలోకమునకు దిగివచ్చె ననియుఁ గథ గలదు. శాపమును బొందినవారిచేతనే భూమికి నాట్యము లభించినది.

భాష్యకారునికి న్యాయము చేయవలయునన్నచో నింకొక ప్రకరణముఁ గూడఁ జెప్పవలెను. తృతీయాధ్యాయమునఁ బ్రేరణార్థకణిచ్చును విచారించుచు, కంసుఁడు చచ్చి, బలి బంధింపఁబడి చిరకాలమై యుండఁగా, వారిని జంపించుచున్నాఁడు, బంధింపించుచున్నాఁ డని వర్తమానమున నెట్లు చెప్పుదు రని యాతఁడు ప్రశ్నించెను. ప్రదర్శించువారు కంటియెదుట నా పని చేయించుచునే యున్నా రనియు, చిత్రపటములలో దెబ్బలు పడుచున్నట్లే కనఁబడు ననియు, కథకులు వినువారి బుద్ధిలో వారిని నిలుపుదు రనియు సమాధానము చెప్పెను. చూచువారిలోఁ గొందఱు కంసపక్షమును, గొందఱు వాసుదేవపక్షమును వహించి ముఖవర్ణములు మాఱుదు రనియు వ్రాసెను. విద్యలో షష్ఠికి దింపఁబడిన నటునికే భూతమును వర్తమానము చేయు నధికారము దక్కినది. చలనచిత్రమునకు నీ ప్రకరణముకంటెఁ దగిన శాస్త్రప్రమాణము నాకుఁ దోఁపదు. 1953లోఁ దెరమీఁదికి వచ్చిన దేవదాసు నేఁటికిని దుర్గాపురమునకుఁ బోవుచునే యున్నాఁడు. చూచువారు నేఁటికిని ఆతని నాఁపలేకున్నారు.

ఇట్టి పూర్వచరిత్ర గల వృత్తికిఁ దెలుఁగుదేశమునఁ గ్రొత్త కాలము వచ్చిన విధమును జూతము. 1885లోఁ గడపజిల్లాలోని సురభి గ్రామమున వనారస గోవిందరావు కీచకవధ నాటక మాడించెను. అక్కడఁ బుట్టిన సురభి సమాజములలోఁ గుటుంబమే నాటకసమాజము. తల్లిదండ్రులును, కొడుకులును, కోడండ్రును, మనుమలును రంగముమీఁద బ్రతికిరి. ఇతరసమాజములలోఁ బురుషులే స్త్రీవేషములు ధరించుచుండఁగా సురభివారి యింటియాఁడువారు స్వయముగాఁ బాత్రలు ధరించిరి. లోకము వారిని మెచ్చెను. కాని యా మెప్పు గౌరవముగా మాఱుటకుఁ జాలకాలము పట్టెను.

తొలి తెలుఁగు మాటలచిత్రము భక్తప్రహ్లాద. హెచ్. ఎం. రెడ్డి దర్శకత్వమున బొంబాయిలోఁ దయారై, 1932 ఫిబ్రవరి 6వ తేదిని అక్కడనే ప్రదర్శింపఁబడినది. 1931 సెప్టెంబరు 15 అని చిరకాలము వ్రాయఁబడుచుండిన తేది, సెన్సారు పత్రములను బరిశీలించిన పిమ్మట నిలువలేదు. కథకు మూలము ధర్మవరము రామకృష్ణమాచార్యుల నాటకము. పాటలు చందాల కేశవదాసువి. హిరణ్యకశిపుఁడు మునిపల్లె వెంకటసుబ్బయ్య. లీలావతి సురభి కమలాబాయి. తెలుఁగు తెరపై మాటలాడిన తొలి నాయిక సురభి సంతతిలోనిదగుట యాకస్మికము గాదు. స్త్రీలకు రంగస్థలముపై నభ్యాస మిచ్చిన సమాజము నాఁడు మిక్కిలి యరుదు. కమలాబాయి పాలికి వచ్చిన భాగ్యము వెనుక నర్ధశతాబ్దపు సురభి తల్లుల శ్రమ కలదు. తెరపై నా తల్లులలో నొక్కరును గనఁబడరు.

మఱికొందఱ పాలికి నా భాగ్యము రాలేదు. బళ్లారి రాఘవ (1880-1946) రంగస్థలమునఁ దన కాలమున మహానటుఁడు, వృత్తిచే న్యాయవాది. స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని పట్టుపట్టినవాఁడు. ద్రౌపదీ మానసంరక్షణము (1936), రైతుబిడ్డ (1939), చండిక (1940) అను చిత్రములలో నటించెను. కాని రంగస్థలమున నాతఁడు పొందిన ప్రతిష్ఠ తెర యాతని కీయలేదు. తెర వచ్చునప్పటికే యాతనికి నేఁబదియేండ్లు దాఁటినవి.

స్థానం నరసింహారావు (1902-1971) విషయ మింకను స్పష్టమైనది. శ్రీకృష్ణతులాభారమున సత్యభామగా నాతఁడు నడచివచ్చినపుడు పురుషుఁడని తెలిసినవారును మఱచిపోయెడివారు. 1956లోఁ బద్మశ్రీ బిరుదము పొందెను. కొన్ని చిత్రములలోఁ గనఁబడినను నాతని కళ తెరమీఁద నిలువలేదు. దానికిఁ గారణము యంత్రము. రంగస్థలమున వేషమునకును జూచువానికిని నడుమ దూరము గలదు. ఆ దూరమున దీపకాంతియు, పాటయు, నడకయు గలిసి స్త్రీత్వమును గల్పించును. కెమెరా యా దూరమును దీసివైచి ముఖమును బండ్రెం డడుగుల తెరపై నుంచును. అందుచేతఁ దొలి చిత్రమునుండియే స్త్రీపాత్రలకు స్త్రీలు వచ్చిరి. స్థానమువారి విద్య లోపము గలది గాదు. దానికిఁ దగిన పరికరము మాఱిపోయినది.

ఇప్పు డక్కినేని నాగేశ్వరరావు కథను దీనిప్రక్క నుంచి చూడవలెను. 1924 సెప్టెంబరు 20వ తేదిని గృష్ణాజిల్లా గుడివాడ ప్రాంతమునందలి రామాపురమున సామాన్య వ్యవసాయకుటుంబమున నాతఁడు జన్మించెను. బడిచదువు ప్రాథమికదశతో ముగిసెను. నాటకములలోఁ బ్రవేశించి స్త్రీవేషములతోఁ బేరు తెచ్చుకొనెను. అనఁగా నాతఁడు నడచినది స్థానమువారు నడచిన త్రోవయే. 1941లో ధర్మపత్ని యను చిత్రమునఁ జిన్న వేషము దొరకెను. పిమ్మట విజయవాడ రైల్వేస్టేషనులో ఘంటసాల బలరామయ్య కంటఁబడి, శ్రీ సీతారామ జననము (1944) చిత్రమున రామపాత్రకు నెన్నుకొనఁబడెను. ఈ వృత్తాంతమును నాగేశ్వరరావు పలుమాఱులు చెప్పుకొన్నాఁడు. చెప్పినవారును విన్నవారును దీనిని అదృష్టమునకు నుదాహరణముగాఁ జూపుదురు.

ఈ యదృష్టమును విడదీసి చూతము. విజయవాడ మద్రాసు, కలకత్తా, హైదరాబాదు మార్గములు గలియు కూడలి. కృష్ణాతీరపు నాటకసమాజములు ఊరూరఁ దిరుగుట కదియే ద్వారము. రైలులేనిచో నా కలయిక లేదు. సమాజములలో స్త్రీలు లేమిచే బాలురకు స్త్రీవేషము లీయవలసివచ్చెను. ఆ యలవాటు లేనిచో పల్లెటూరి పేదబాలునికి రంగస్థలము లేదు. తొలి తెలుఁగుచిత్రములకై నటులు బొంబాయికిఁ గలకత్తాకుఁ బోవలసియుండెను. 1934లో వేల్ పిక్చర్సువారు సీతాకల్యాణమును మద్రాసుననే తీసిన పిమ్మట దక్షిణదేశమునఁ జిత్రనిర్మాణము నాటుకొనెను. అది లేనిచో మద్రాసునకుఁ గ్రొత్తవారిని వెదకికొనిపోవు నిర్మాతలే లేరు. ఇరువదియేండ్లు ముందు పుట్టియుండినచో నీ బాలుఁడు మఱియొక స్థానము నరసింహారావు కాఁగోరి యుండును. ఇరువదియేండ్లు తరువాతఁ బుట్టియుండినచోఁ బల్లెలలో నా నాటకశిక్షణయే దొరకియుండదు. కాలమును, రైలును, సమాజమును, నిర్మాతయు నొక్క స్థలమునఁ గలిసినవి. ఇందులో నలౌకిక మేదియు లేదు. ప్రతికారణమును దృష్టమే, కాని స్టేషనులో నిలుచున్న యువకునికి నవి యన్నియు నదృష్టములు.

మఱియొక కారణము గలదు. తొలినాళ్ల చిత్రములలో నటుఁడు కెమెరా యెదుటఁ దానే పాడవలసియుండెను. గొంతు లేనివానికి నాయకపాత్ర దొరకుట దుర్లభము. 1940 తరువాత నేపథ్యగానము స్థిరపడఁగాఁ బాటయు నభినయమును వేఱయ్యెను. ఘంటసాల వేంకటేశ్వరరావు (1922-1974) స్వర్గసీమ (1945)తో నేపథ్యగాయకుఁడై, తరువాతి మూఁడు దశాబ్దములు నటుల పెదవులకుఁ దన గొంతు నెరవిచ్చెను. నేపథ్యమన్న మాటయే తెర వెనుకటి దని చెప్పుచున్నది. ప్రేక్షకుఁ డొకని ముఖముఁ జూచుచు వేఱొకని గొంతు వినుచున్నాఁడు. మెప్పు మాత్రము ముఖమునకుఁ జెందుచున్నది.

దేవదాసు నుదాహరణముగాఁ గొందము. కథ శరచ్చంద్ర చటోపాధ్యాయునిది. దర్శకుఁడు వేదాంతము రాఘవయ్య, కూచిపూడి సంప్రదాయమున శిక్షణ పొందినవాఁడు. మాటలు పాటలు సముద్రాల రాఘవాచార్యులవి. ఛాయాగ్రహణము బి. ఎస్. రంగాది. నాయకుని గొంతు ఘంటసాలది. సంగీతము సి. ఆర్. సుబ్బరామన్‌ది. చిత్రము 1953లో విడుదల కాఁగా సుబ్బరామన్ 1952లోనే మరణించెను. మిగిలిన పనిని ఆతని శిష్యులగు విశ్వనాథన్, రామమూర్తులు పూర్తి చేసిరి. ఆంధ్రదేశ మంతయు నే పాటలను విని కంటఁ దడిపెట్టెనో, ఆ పాటలను గూర్చినవాఁడు వానిని దెరమీఁదఁ జూడనేలేదు. తాను ధన్యుఁడనైతి నని యా చిత్రమున నటించినవాఁడు చెప్పినచో, ఆ ధన్యతలో సుబ్బరామనుని పా లెంత? ఇట్టి గణన చేయుటకు వినయశబ్దము చాలదు, అదృష్టశబ్దమే తగును.

ఇచ్చట నొక యాక్షేపమునకు సమాధానము చెప్పవలెను. సర్వమును గనఁబడనివారి కిచ్చినచో నటుని స్వంతశ్రమ యేమైనది? మీమాంసకులే దీనికి హద్దు నిర్ణయించిరి: దృష్టమైన ప్రయోజనము సిద్ధించుచుండఁగా నదృష్టమును గల్పింపరాదు. నటుని శ్రమ దృష్టము. దానిని ముందుగా లెక్కింపవలెను. దేవదాసుపాత్రకు నాగేశ్వరరావు తగఁడని చిత్రమునకు ముందు సందేహించినవారు పెక్కండ్రు. త్రాగుఁబోతు కన్నుల బరువు తెచ్చుటకు రాత్రివేళ పెరుగన్నము కడుపునిండఁ దిని, నిద్ర ముంచుకొని వచ్చుచుండఁగాఁ గెమెరా యెదుట నిలిచితినని యాతఁడే చెప్పియున్నాఁడు. బడిచదువు లేమిని దీర్చుకొనుటకు జీవితాంతము చదువుచుండెను. తనకు దొరకని విద్య యితరులకు దొరకవలెనని గుడివాడ కళాశాలకు విరాళ మొసఁగఁగా నా కళాశాల యాతని పేర వెలసినది. ఇదంతయు దృష్టము. ఇది చెప్పిన పిమ్మటఁ గూడ మిగులునది యదృష్టము.

ఇంకొక విశేషము. నాగేశ్వరరావు విప్రనారాయణ (1954), భక్త జయదేవ (1961), భక్త తుకారాం (1973) చిత్రములలోఁ బరమభక్తుల పాత్రలు ధరించినవాఁడు. తాను మాత్రము దైవపూజాపరుఁడఁ గానని బహిరంగముగాఁ జెప్పినవాఁడు. అట్టివాని కృతజ్ఞత దైవమును జేరదు, మనుష్యులనే చేరును. రైల్వేస్టేషను వృత్తాంతమును ఆతఁడు మాటిమాటికిఁ జెప్పుటలో స్మరింపఁబడినది విధి గాదు, బలరామయ్య. ఆస్తికతతో ముడివెట్టకయే యదృష్టశబ్దమును నిజార్థమున వాడవచ్చు ననుట కిది చాలిన దృష్టాంతము.

భాగ్యశబ్దమునకు దృష్టాంతము చిత్తూరు వి. నాగయ్య. 1904 మార్చి 28వ తేదిని రేపల్లెలోఁ బుట్టి, చిత్తూరు రామవిలాససభ నాటకములలోఁ బేరొంది, గృహలక్ష్మి (1938)తోఁ దెరకు వచ్చెను. పోతనగా (1943), త్యాగయ్యగా (1946), వేమనగా (1947) దర్శన మిచ్చి, ఆ మహనీయుల రూపమిదియే యని ప్రజల మనస్సులలో ముద్ర వైచెను. త్యాగయ్యకు నిర్మాతయు దర్శకుఁడును దానే. పాటలును దానే పాడెను. నేపథ్యగాయకుని యక్కఱ యాతనికి లేదు. 1965లోఁ బద్మశ్రీ బిరుదము లభించెను. సంపాదించినదానిని యడిగినవారికెల్లఁ బంచుట యాతని స్వభావము; కడపటి దినములలో నాతనికే కొఱత వచ్చెను. 1973 డిసెంబరు 30వ తేదిని మద్రాసున మరణించెను. అనంతరము ఆ నగరమునందలి పానగల్ ఉద్యానమున నాతని విగ్రహము నిలిచినది. తన పాలికి వచ్చినదానిలో నితరుల పాళ్లున్న వని నాగయ్య యెఱుఁగును; వానిని దీర్చుటలోఁ దన పాలును మఱచెను. ఇది మెచ్చుకొనఁదగినదో, శోకింపఁదగినదో నేను నిర్ణయింపఁజాలను. ఆతనినుండి తీసికొన్నవారును గొంత యాలోచింపవలసినది మాత్రము నిజము.

భాగ్య మందఱకు సమముగాఁ బంచఁబడలేదు. మాలపిల్ల (1938), బాలనాగమ్మ (1942) చిత్రములతో నింటింటఁ బేరు వ్రాసికొన్న కాంచనమాల యా పిమ్మటఁ దెరకు దూరమై, 1963లో నర్తనశాలయందు స్వల్పకాలము కనఁబడి, 1981లో మరణించెను. ఆమె ప్రతిభ 1942లోఁ దఱిగిపోలేదు. అదృష్టశబ్దమును నటులు భయముతోఁ గూడఁ బలుకుదురనుట కిట్టి కథలే కారణము. కారణములు కంటఁబడకయే వచ్చినది, కంటఁబడకయే పోవచ్చును.

అమరార్థమును జ్ఞాపకమునం దుంచుకొనుఁడని పైన వ్రాసితిని. అగ్నివలని భయమున కదృష్టమని పేరు. ఇరువదవ శతాబ్ది మధ్యకాలమువఱకుఁ జిత్రములు ముద్రింపఁబడిన ఫిల్ముకు సెల్యులోజు నైట్రేటు ఆధారము. అది యగ్ని సోఁకిన క్షణమున భగ్గుమనును; అగ్ని సోఁకకున్నను వేఁడికిని జెమ్మకును గ్రమముగాఁ జివికి పొడియగును. అందలి వెండికొఱకుఁ గరఁగింపఁబడిన ప్రతులును గలవు. పుణ్యపురమున జాతీయ చలనచిత్ర భాండాగారము 1964లో స్థాపింపఁబడునాఁటికే పాతచిత్రములలోఁ బెక్కులు నశించెను. భక్తప్రహ్లాద (1932) ప్రతి నేఁడు లభింపదు. తెలుఁగు తెరపైఁ దొలిసారి పలికిన కమలాబాయిని లీలావతిగా నేఁడు చూచినవాఁ డొక్కఁడును లేఁడు. ఆమె కీ వృత్తి తెచ్చిన మేలును అదృష్టమే. ఆమె వృత్తిఫలమును గబళించినదియు నదృష్టమే. భూతమును వర్తమానము చేయు శక్తి గలదని మనము పొగడిన కళకు, ప్రతి నశించినచో నా శక్తి లేదు.

సుబ్బరామనునివలెనే నాగేశ్వరరావును దన కడపటి చిత్రముఁ దెరమీఁదఁ జూడలేదు. 2013 అక్టోబరులోఁ దన వ్యాధి కర్కటరోగమని తానే లోకమునకుఁ జెప్పి, మనం చిత్రమున నటించి, మంచమున నుండియు నా పాత్రకుఁ దానే గొంతు నిచ్చి, 2014 జనవరి 22వ తేదిని గన్ను మూసెను. ఆ చిత్రము మే 23వ తేదిని విడుదలయ్యెను. డెబ్బదియేండ్లు చూడఁబడినవాఁడు చివరకు నొక చిత్రమును జూడనివారిలోఁ జేరెను. చూడఁబడుటయుఁ జూడఁబడమియు నే యొకని సొత్తును గాదు.

ఇంతవఱకుఁ జేసిన విచారణమువలన నాకుఁ దేలిన దిది. నటుఁడు నా యదృష్ట మన్నపుడు మనము వినయమును మెచ్చుకొని యూరకుండరాదు, కపటమని నవ్వనురాదు. ఎవరా చూడఁబడనివారని యడుగవలెను. అడిగినచో రంగస్థలమునఁ బుట్టి పెరిగి పేరులేక పోయిన స్త్రీలును, హార్మోనియము వాయించినవారును, మాటలు వ్రాసినవారును, గొంతు నెరవిచ్చినవారును, రంగు పూసినవారును, దీపములు పట్టినవారును వరుసగా వత్తురు. ఈ వరుసయే తెలుఁగు చలనచిత్రచరిత్ర. దీనిని వ్రాయక, నటుల పేళ్లును బిరుదములును విడుదలతేదులును మాత్రము వ్రాసినచో, చరిత్ర యనఁబడునది నటుల జాబితాయే యగును.

సాహిత్యపరిశోధకులకు నిందుఁ బని గలదా యని సంశయింపఁబనిలేదు. నాఁడు ప్రదర్శనశాలల వద్ద నమ్మిన పాటల పుస్తకములును, నాటకసమాజముల కరపత్రములును, గ్రామఫోను పలకలును, నాటకములలో నటులు తమ భాగములను వ్రాసికొన్న చేతివ్రాఁతలును ఇప్పటికిని పాత పెట్టెలలో నున్నవి. తాళపత్రములను వెదకి తెచ్చిన శ్రద్ధలోఁ బదియవ పాలు వీనికిఁ జూపినచో ననేకనామములు దొరకును. ఒక పాటల పుస్తకముపై నచ్చుపడిన వాద్యకారుని పేరు, ప్రతి నశించిన చిత్రమునకు మిగిలిన యేకైకసాక్ష్యము గావచ్చును. కాగిదము చెదపాలు కాకముందే యీ పని జరుగవలెను.

వైయాకరణులుగా మనకు మఱియొక ఋణము గలదు. నటునికి షష్ఠి నిచ్చి పంచమి నీయని యుదాహరణమును మనము వేలయేండ్లుగాఁ బాఠము చెప్పుచున్నాము. సూత్రమును మార్చు నధికారము మనకు లేదు, మార్పఁబనియు లేదు. నియమపూర్వకముగా నేర్చుకొన్నచోటఁ బంచమి వచ్చునని సూత్రమే చెప్పుచున్నది. పోతన యెట్లు నిలుచునో, త్యాగయ్య యెట్లు పాడునో నాగయ్యనుండి నేర్చుకొన్న తెలుఁగువారు లక్షలు. పల్లెలోని నిరక్షరుఁ డాతని పోతనను జూచి పద్యము నిలిచి పలుకుట నేర్చెను. అది యెంత నియమముతో నేర్చినదో బోధించు మనము చూడలేదు గాని, నేర్చినవాఁ డెఱుఁగును. ఇఁకమీఁద నా ప్రత్యుదాహరణమును జెప్పునపుడు పాఠశాలలోని బాలురకు నీ సంగతియుఁ దెలుపుట యుచితము.